ముఖ గుర్తింపు సాంకేతికత: బిట్రగుంట ప్రాంతంలో పోలీసు నమోదుల చరిత్ర

సీసీ కెమెరాలో గానీ ఫొటోలో గానీ దొరికిన ముఖాన్ని పోలీసు రికార్డుల్లోని ఫొటోలతో కంప్యూటర్ ద్వారా పోల్చి అనుమానితులను వెతికే పద్ధతి ముఖ గుర్తింపు. తెలుగు రాష్ట్రాల్లో దీనికి బాగా పేరొచ్చింది 2018 ఆగస్టులో, తెలంగాణ పోలీసులు టీఎస్‌కాప్ యాప్‌లో దాన్ని చేర్చినప్పుడు. నేరం జరగకముందే మనుషుల గుర్తులు సేకరించి పెట్టుకునే అలవాటు మాత్రం ఇక్కడ చాలా పాతది. దాన్ని అనుభవించిన ఊళ్లలో ఒకటి కప్పరాళ్లతిప్ప. ఇది నెల్లూరు జిల్లా బోగోలు మండలంలో, బిట్రగుంట రైల్వే స్టేషన్‌కు దగ్గర్లో ఉంది.

1871లో ఉత్తరాదిన వచ్చిన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరించింది. ఎరుకల వంటి కులాలను మొత్తంగా నేరస్థులుగా ప్రకటించారు. పేరు నమోదైన వ్యక్తి వేలిముద్రలు ఇవ్వాలి, చెప్పిన వేళకు హాజరు వేయించుకోవాలి, ఊరు మారితే తెలియజేయాలి. దొంగతనం చేశాడా లేదా అని ఎవరూ అడగలేదు, ఆ ఇంట పుట్టడమే చాలింది. చట్టం కింద సెటిల్‌మెంట్లు పెట్టి కుటుంబాలను అక్కడికి తరలించారు. స్టూవర్టుపురం సెటిల్‌మెంట్‌ను సాల్వేషన్ ఆర్మీ నడిపింది. కావలి ప్రాంతపు సెటిల్‌మెంట్లు అమెరికన్ బాప్టిస్టు మిషన్ చేతిలో ఉండేవి. కప్పరాళ్లతిప్ప ఆ వ్యవస్థలో పుట్టిన ఊరే.

1952 ఆగస్టు 31న దేశమంతటా చట్టం రద్దయి ఈ కులాలు విముక్త జాతులయ్యాయి. కానీ దాని స్థానంలో అలవాటు నేరస్థుల చట్టాలొచ్చాయి. పోలీసు స్టేషన్లలో పాత నేరగాళ్ల మీద కేడీ షీట్లు, అనుమానితుల మీద సస్పెక్ట్ షీట్లు కొనసాగాయి. ఎక్కడో చోరీ జరిగితే పత్రికలు నేటికీ ‘కప్పరాళ్లతిప్ప ముఠా’ అని రాస్తాయి. తప్పు చేసినవాళ్లు కొందరైతే, మచ్చ మాత్రం పిల్లలతో సహా ఊరందరికీ అంటుకుంటోంది. ఇది అన్యాయం.

ముఖ గుర్తింపు అనే కొత్త యంత్రం ఈ షీట్లలోని పాత ఫొటోల మీదే ఆధారపడుతుంది. ముఖంలోని కొలతలను అంకెలుగా మార్చి, నిల్వలో ఉన్న ప్రతి ఫొటోతో పోల్చి, పోలిక ఎంత ఉందో ఒక మార్కుతో చెబుతుంది. ఢిల్లీ పోలీసులు 80 శాతం దాటితే సరిపోలినట్టే లెక్కించేవారని 2022లో సమాచార హక్కు జవాబుల్లో బయటపడింది. నిల్వలో ఎవరి ఫొటో ఉంటే వారే జాబితాలో తేలతారు. షీటు లేని మనిషి నేరం చేసినా యంత్రానికి కనపడడు. షీటు ఉన్నవాడు ఇంట్లో నిద్రపోతున్నా అనుమానితుడవుతాడు. ఇక తప్పుల సంగతి: చాలా అల్గారిథమ్‌లు తెల్లవారి ముఖాలకంటే ఆసియా, ఆఫ్రికన్ అమెరికన్ ముఖాలను 10 నుంచి 100 రెట్లు ఎక్కువగా తప్పు పోలుస్తున్నాయని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2019లో తేల్చింది.

2022 నాటి క్రిమినల్ ప్రొసీజర్ (గుర్తింపు) చట్టం ఈ నిల్వను ఇంకా పెంచింది. ఫొటో, కనుపాప, వేలిముద్రల వివరాలను 75 ఏళ్లు ఉంచవచ్చు. నేరమేమీ రుజువు కాకుండా కేవలం బైండోవర్ అయిన, అంటే సత్ప్రవర్తనకు పూచీకత్తు ఇవ్వాల్సి వచ్చిన మనిషి నుంచి కూడా తీసుకోవచ్చు. నిర్దోషిగా తేలితే చెరిపేయాలన్న నియమం గతంలో శిక్ష పడనివారికే వర్తిస్తుంది. విముక్త జాతుల వారి మీద ఎన్ని పాత కేసులుంటాయో తెలిసినవారికి దీని బరువు అర్థమవుతుంది.

2021 మేలో, లాక్‌డౌన్ సమయంలో హైదరాబాద్ పోలీసులు సామాజిక కార్యకర్త ఎస్‌.క్యూ. మసూద్‌ను ఆపి, మాస్కు తీయమన్నారు, ఫొటో తీశారు. ముఖ గుర్తింపును సవాలు చేస్తూ ఆయన వేసిన పిటిషన్‌పై 2022 జనవరిలో తెలంగాణ హైకోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో చెప్పిన తీర్పే ఈ వాదనకు పునాది. పోలికతో మొదలైన మరో కేసూ ఇదే హైకోర్టుకు చేరింది: 2023లో మెదక్‌లో గొలుసు చోరీ కేసులో సీసీ కెమెరా దృశ్యంలోని మనిషిని పోలి ఉన్నాడని పట్టుకెళ్లిన దినసరి కూలీ ఒకరు పోలీసు దెబ్బల వల్లే చనిపోయారన్న ఆరోపణపై హైకోర్టు తనంతట తానుగా విచారణ చేపట్టింది.

2024 మేలో అమానతుల్లా ఖాన్ కేసులో సుప్రీంకోర్టు, వెనుకబడిన వర్గాల వారి పేర్లను హిస్టరీ షీట్లలో యాంత్రికంగా ఎక్కించరాదంది. అదే ఏడాది అక్టోబరు 3న సుకన్యా శాంత కేసులో, విముక్త జాతుల వారిని ఇష్టారాజ్యంగా అరెస్టు చేయకుండా చూడమని పోలీసులను ఆదేశించింది. పాత షీట్ల నుంచి డేటాబేసుల్లోకి చేరిన ఫొటోలను ఏం చేయాలో ఆ రెండు తీర్పులూ చెప్పలేదు.