మూత లోపలి సోకు

ట్రంకుపెట్టెతో కాపురం చేసినవాళ్లకు ఒక సంగతి తెలుసు. దాని సోకంతా మూత లోపల ఉండేది. పైన నల్లరంగు, తెల్లరంగుతో రాసిన పేరు, తాళం. మూత ఎత్తితే కృష్ణుడి వేషంలో ఎన్టీ రామారావు, పక్కన సావిత్రి, మూలన ఎవరో ఊరూ పేరూ లేని సినిమా పిల్ల.

సికింద్రాబాద్‌లో ఇలాంటి పెట్టెలకు కొదవుండేది కాదు. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టుకున్న దండు ఊరు ఇది. 1874లో వాడి అనే ఊరి నుంచి ఇక్కడికి రైలు వచ్చింది. సిపాయి అయినా, రైల్వే గుమాస్తా అయినా బదిలీ కాగితం రాగానే పెట్టె భుజానికెత్తాల్సిందే. సిపాయి పెట్టె బయటి వైపు సర్కారు లెక్కలోది, అక్కడ పేరుకూ నంబరుకూ తప్ప మరోదానికి చోటు లేదు. కాబట్టి సొంత ఇష్టం లోపలికి వెళ్లింది. పత్రికల బొమ్మలతో పెట్టెలు అలంకరించడానికి మన దగ్గర అసలు పుట్టిల్లు ఆ మూత వెనక రేకేనని నా అభిప్రాయం.

నిజానికి పెట్టెలోకి కాగితం ముందు అందం కోసం రాలేదు. రేకు తుప్పు పడితే పట్టుచీరకు మరక అంటుతుంది. అందుకని అడుగున పాత దినపత్రిక, దాని మీద కలరా ఉండలు, ఆ పైన బట్టలు. అడుగున పరిచింది మాసిపోతే మార్చేవాళ్లు గానీ మూతకు అతికించినది అలాగే ఉండిపోయేది. జిగురు వంటింట్లోనే తయారయ్యేది: మైదాపిండి ఉడికించి, పురుగు పట్టకుండా బైండింగువాళ్లు వేసినట్టే చిటికెడు మైలుతుత్తం కలిపేవాళ్లు. అంతకు ముందు చింతగింజల జిగురు. కొండపల్లి బొమ్మల చేతులూ కాళ్లూ అతికే మక్కులో రంపపు పొట్టుతో కలిసేదీ ఆ చింతగింజల పిండే.

మరి రంగు బొమ్మలు ఎక్కడివి? 1894లో రవివర్మ బొంబాయిలో రాతి అచ్చు ప్రెస్సు పెట్టాక లక్ష్మీ సరస్వతులు మామూలు ఇళ్లకు చేరారు. అయితే వాళ్ల చోటు గోడ. దేవుడి పటాన్ని కత్తిరించి పెట్టెకు అతికించడానికి చెయ్యి ఆడదు. కత్తెరకు జంకు లేకుండా దొరికినవి పత్రికలు. 1947 జులైలో మద్రాసులో నాగిరెడ్డి సంస్థ నుంచి పిల్లల పత్రిక చందమామ మొదలైంది, 1966లో అదే సంస్థ నుంచి సినిమా పత్రిక విజయచిత్ర వచ్చింది. సినిమా తారల రంగు పుటలు మద్రాసులో అచ్చయి, రైలెక్కి ఇక్కడ దిగేవి. చదవడం అయ్యాక పత్రికకు రెండో జన్మ ఉండేది. ఇవి కాక సోవియట్ భూమి పత్రిక. అంత నున్నటి, మందపాటి కాగితం అంత చవగ్గా మరొకటి దొరికేది కాదు. లెక్కల నోటుబుక్కుకు అట్టగా ట్రాక్టరు కర్మాగారం, పెట్టె మూతకు మంచులో నాట్యం చేసే అమ్మాయి. రష్యావాళ్ల ప్రచారం తెలుగు పిల్లల మనసుల్లోకి ఎంత వెళ్లిందో గానీ, పుస్తకాల మూలలు మాత్రం బాగా కాపాడింది.

బయటి దేశాల్లో ఈ కథ తలకిందులుగా, పైనుంచే మొదలైంది. పద్దెనిమిదో శతాబ్దపు వెనిస్‌లో చైనా, జపాన్ లక్క సామానంటే ధనవంతులకు మోజు. అంత పెట్టలేనివాళ్ల కోసం అక్కడి పనివాళ్లు అచ్చు బొమ్మలు కత్తిరించి, రంగులు వేసి, చెక్కకు అతికించి, పూత మీద పూతగా వార్నిషు పట్టించేవాళ్లు. అంచు చేతికి తగలనంత వరకూ పూతే. బస్సానోలోని రెమొందీని ముద్రాపకులు ఇలా కత్తిరించుకోవడానికే బొమ్మల పుటలు అచ్చేశారు. ఆ తరవాత లండన్‌లో ఇది సంపన్న స్త్రీల కాలక్షేపమైంది. అక్కడివన్నీ పక్కవాళ్లకు చూపించడానికి చేసిన పెట్టెలు.

మనకు దగ్గరగా తోచేది అమెరికాలో న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని జాఫ్రీ అనే ఊరి హన్నా డేవిస్ (1784–1863). తల్లిదండ్రులు పోయాక పొట్టకూటికి పల్చటి చెక్కతో టోపీపెట్టెలు చేసి అమ్మిందామె. బయట గోడకాగితం, లోపల పాత వార్తాపత్రిక. ఇప్పుడు మ్యూజియంలవాళ్లు అలాంటి పెట్టెల వయసు తేల్చాలంటే లోపలి పత్రిక తేదీ ఒక ఆధారం. మన ట్రంకుల మూతలకూ ఇది పనికొస్తుంది, సినిమా పేరు తెలిస్తే చాలు.

మన దగ్గర బొమ్మ లోపలి నుంచి బయటికి రావడానికి అట్టపెట్టె కావలసి వచ్చింది. 1975లో ఐటీసీ తరఫున భద్రాచలం పేపర్ బోర్డ్స్ సంస్థ ఏర్పడి, సారపాకలో అట్ట తయారీ మొదలుపెట్టింది. తరవాత అది ఐటీసీలో కలిసిపోయింది, దాని అట్టల విభాగం ముఖ్య కార్యాలయం ఇప్పటికీ సికింద్రాబాద్‌లోనే ఉంది. చెప్పులకూ చీరలకూ మిఠాయిలకూ అట్టపెట్టెలు వచ్చాయి, ఇంటినిండా ఖాళీ డబ్బాలు మిగిలాయి. వాటికి నంబరు రాసేవాళ్లు లేరు, తాళం వేసేవాళ్లు లేరు. బడిలో చేతిపని తరగతికి ఏదో ఒకటి చేసుకుపోవాలి, సంక్రాంతికి బొమ్మల కొలువు కింద మెట్లు కట్టాలి, సారెలో గాజులు సర్దాలి. పత్రిక పుటలు పెట్టె వెలుపలికి నడిచాయి.

పని సులువనుకుంటారు గానీ కాదు. నున్నటి పత్రిక కాగితం మీద చైనామట్టి పూత ఉంటుంది, కాగితమేమో పలుచన. జిగురు ఎక్కువైతే వెనక పుటలోని పళ్లపొడి ప్రకటన హీరోయిన్ బుగ్గ మీద తేలుతుంది. కాగితంలో పీచంతా ఒకే దిక్కుకు పడుకుని ఉంటుంది, తడి తగిలితే దానికి అడ్డంగా సాగుతుంది. సాగడం పూర్తి కాకముందే అతికిస్తే బుడగలు. కాబట్టి నీళ్లు కలిపిన ఫెవికాల్ వెనక పలుచగా రాసి, కాసేపు ఆగి, మధ్య నుంచి అంచులకు వేలితో తోసుకుంటూ పోవాలి. ఇంత ఓపిక లేనివాళ్లు పుటను సైకిలు పుల్లకు చుట్టి గొట్టాలు చేసి పెట్టె చుట్టూ వరసగా పేరుస్తారు. అప్పుడు బొమ్మ పోయి రంగే మిగులుతుంది. బలంగా ఉంటుంది, నిజమే. కానీ ఎవరి మొహమూ కనపడని ఆ పెట్టెలు నాకు కాస్త ఒంటరిగా అనిపిస్తాయి.

ఇప్పుడు అసలు సమస్య కత్తిరించడానికి పత్రికలు లేకపోవడం. విజయచిత్ర ఎప్పుడో పోయింది, చందమామ కూడా ఆగిపోయింది. పాత సంచిక దొరికినా దానికి కత్తెర పెట్టేవాళ్లెవరు? సేకరించేవాళ్లు ఎగరేసుకుపోతారు. పాత పేపర్ల బండిలో ఇక దొరికేవి ఆసుపత్రుల ప్రచార పుస్తకాలు, అపార్ట్‌మెంట్ల బ్రోచర్లు. వాటిలో మనుషులు తక్కువ, ఆకాశం ఎక్కువ. గొట్టాలుగా చుడితే మాత్రం నీలం బాగా వస్తుంది.