ప్రింటర్ కొంటున్నారా? ముందు పేజీ ఖర్చు లెక్కేయండి

ఇంటికో, చిన్న ఆఫీసుకో ప్రింటర్ కొనేటప్పుడు చాలామంది చూసేది దాని ధర. కానీ అసలు ఖర్చు ఆ తర్వాతే మొదలవుతుంది. చౌకగా దొరికే కార్ట్రిడ్జ్ ప్రింటర్లలో కొన్నిసార్లు ఇంకు మార్చేసరికే, ప్రింటర్‌కు పెట్టినంత డబ్బు మళ్లీ పెట్టాల్సి రావచ్చు.

లెక్క సులువే. కార్ట్రిడ్జ్ ధరను అది ఇచ్చే పేజీల సంఖ్యతో భాగించాలి. ఉదాహరణకు, 900 రూపాయల కార్ట్రిడ్జ్ 180 పేజీలు ఇస్తే పేజీకి 5 రూపాయలు. 1,800 రూపాయల టోనర్ 1,500 పేజీలు ఇస్తే 1 రూపాయి 20 పైసలు. 450 రూపాయల ఇంకు సీసా 4,500 పేజీలు ఇస్తే 10 పైసలు. కాగితం ఖర్చు అదనం.

పెట్టె మీద ఉండే పేజీల సంఖ్యను యథాతథంగా నమ్మకూడదు. ఐఎస్ఓ 19752, 24711 వంటి ప్రమాణాల ప్రకారం నిర్ణీత నమూనా పేజీలను వరుసగా ముద్రించి ఆ సంఖ్యను తేలుస్తారు. ఫొటోలు, రంగులు ఎక్కువగా ఉంటే, అప్పుడప్పుడు మాత్రమే వాడితే అన్ని పేజీలు రావు.

ఎవరికి ఏది?

ఇంకు ట్యాంక్: రోజూ రంగుల్లో ముద్రించేవారికి ఇది లాభం. పిల్లల ప్రాజెక్టులు, ఫొటోలకు బాగుంటుంది. అయితే వారాల తరబడి వాడకపోతే ఇంకు ఎండి, హెడ్ మూసుకుపోతుంది. దాన్ని శుభ్రం చేయడానికీ ఇంకే ఖర్చవుతుంది.

లేజర్: టోనర్ పొడి కాబట్టి ఎండిపోదు. నెలకోసారి వాడినా పనిచేస్తుంది. పొడి వేడికి కరిగి కాగితానికి అంటుకుంటుంది కాబట్టి తడి తగిలినా అక్షరాలు చెదరవు. దరఖాస్తులు, కోర్టు కాగితాలకు అనువైనది. వేడెక్కేటప్పుడు కరెంటు ఎక్కువగా లాగుతుంది కాబట్టి దీన్ని కంప్యూటర్ యూపీఎస్‌కు కలపకూడదు.

డాట్ మ్యాట్రిక్స్: సూదులతో కొట్టి ముద్రిస్తుంది. కార్బన్ కాపీలతో బిల్లులు ఇచ్చే దుకాణాలకు, గోదాములకు ఇప్పటికీ ఇదే దిక్కు.

థర్మల్: ఇంకు అక్కర్లేదు, రసీదులకు చాలు. కానీ అక్షరాలు కొన్నాళ్లకు వెలిసిపోతాయి. దాచుకోవాల్సిన కాగితాలకు పనికిరాదు.

కొనేముందు అడగాల్సినవి

ప్రింటర్‌తో వచ్చే టోనర్ పూర్తిదా, సగమేనా? వారంటీలో హెడ్ కూడా ఉందా? రెండు వైపులా దానంతటదే ముద్రిస్తుందా? సర్వీస్ సెంటర్ ఊళ్లోనే ఉందా?

నెలకు పది పేజీలకు మించని ఇంటికి మాత్రం ప్రింటర్ అవసరమే లేదు. పేజీకి 5 రూపాయలు తీసుకునే జిరాక్స్ షాపులోనైనా ఏడాదికయ్యేది 600 రూపాయలే.