భస్మమునకు భూషణము, భూషణమునందు భస్మము

1924 మే 7వ తేదీన కొయ్యూరు ప్రాంతమున తుపాకిగుండ్లకు నేలకొరిగిన అల్లూరి సీతారామరాజు భౌతికకాయమును దహనము చేసిన కృష్ణదేవిపేట నర్సీపట్నమునకు సమీపముననే యున్నది. అంతకుముందు 1922 సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో మన్యవీరుల చేత హతులైన స్కాట్ కవర్డు, హైటరు అను ఆంగ్లాధికారులకు నర్సీపట్నములోనే సమాధులు కట్టిరి. ఏలినవారు తమవారికి రాతిగుర్తులు నిలిపిరి. రాజు చితి కాలినచోట ఆయన సమాధిని ఈ ప్రాంతపు ప్రజలు నేటికిని కన్నబిడ్డవలె కాపాడుకొనుచున్నారు. పోయినవారి ఆనవాలు ఏదో యొకటి కన్నులయెదుట నుండవలెనను ఈ తపన పాలకులకును పాలితులకును సమానమే.

అయినను, అస్థికలను ఇంట నుంచుకొనుట మనవారి ఆచారము కాదు. అస్థిసంచయనము జరిపి, పాలు చిలుకరించి, క్రొత్తకుండలో చేర్చిన ఆ శేషమును గడప దాటనీయక, చెట్టుకొమ్మకు కట్టి, వీలుచూచుకొని రాజమహేంద్రవరమున గోదావరిలోనో, లేక సముద్రములోనో కలిపివత్తురు. విదేశములలో మాత్రము, ఒక చిటికెడు భస్మమును గాజుపూసలో, వెండి లాకెట్టులో పొదిగించి మెడను ధరించువారు నేడు పెక్కురు. పెంపుడు కుక్కకు, పిల్లికిని సైతము ఇట్లే చేయుచున్నారు. దీనిని వింతగా చూడనక్కరలేదు. రాష్ట్రకూటుల కాలమున, క్రీ.శ. 949 ప్రాంతమున, అడవిపందితో పోరి మరణించిన కాళి యను వేటకుక్క పేర కన్నడదేశపు ఆతకూరున శిలాశాసనమే వెలసినది.

భస్మమును వజ్రముగనే మార్చువారును కలరు. 2004లో స్విట్జర్లాండునందు వెలసిన అల్గోర్డాంజా యను సంస్థ భస్మమునందలి కర్బనమును వేరుచేసి, గ్రాఫైటుగా మార్చి, భూగర్భమునందు వలె అత్యధికమైన ఒత్తిడికిని వేడిమికిని గురిచేసి వజ్రమును రూపొందించుచున్నది. చితిలో కర్బనము చాలవరకు వాయువై ఎగిరిపోగా, మిగులు బూడిద ప్రధానముగా ఎముకల కాల్షియం ఫాస్ఫేటే. కావున అట్టి వజ్రమును చేయించుకొనదలచినవారు, అందు తమవారి పాలు ఎంతయో ముందుగా అడిగి తెలిసికొనుట మంచిది.

ఆంధ్రదేశమున భస్మమునకును భూషణమునకును గల సంబంధము వేరొక తీరున నడచినది. కృష్ణా డెల్టాలోని భట్టిప్రోలు స్తూపమును 1892లో అలెగ్జాండరు రీ త్రవ్వించినప్పుడు, దాని గర్భమున శిలామంజూషలు బయల్పడినవి. రాతిపెట్టెలోపల బరిణె, బరిణెలోపల స్ఫటికపాత్ర, అందు ఎముక తునకలు. వానితోపాటు బంగారుపూవులు, ముత్యములు, పూసలు. ఇరువది రెండు శతాబ్దములనాటి బ్రాహ్మీలిపిలో ఆ మంజూషలపై దాతల పేర్లున్నవి. కురుని తండ్రి, కురుని తల్లి, కురుడు, శివుడు: బుద్ధుని శరీరధాతువులను నిక్షేపించుటకై ఈ పెట్టెను, స్ఫటికపు బరిణెను సిద్ధపరచినవారు వీరని ఒక లేఖనము తెలుపుచున్నది. ఒక కుటుంబమువారు తమ పేర్లనన్నిటిని ఒక్కచో చెక్కించి, మరల ఎవ్వరును చూడరాని చీకటిలో తమ బంగారమును విడిచివెళ్లుట నాకు మిక్కిలి హృద్యముగా తోచును. నేడు భస్మమే ఆభరణమగుచుండగా, ఆనాడు ఆభరణమును భస్మమునకు సమర్పించిరి. భస్మపు ఉంగరము చేయించుకొనువారు సైతము, ఎవరి భస్మమో ఆ పేరును లోపలి అంచున చెక్కించుట అవసరము. లేనియెడల రెండు తరములకు అది ఎవరి గుర్తో తెలియక అంగడి కెక్కును.

ఈ భయము వట్టిది కాదు. 1898లో నేపాలు సరిహద్దు చెంతనున్న పిప్రాహ్వా స్తూపమును తన జమీనులో త్రవ్వించిన విలియం పెప్పే అను ఆంగ్లేయునకు, బుద్ధునివిగా శాసనము పేర్కొన్న అస్థిభస్మములతోపాటు సుమారు 1,800 రత్నములు, స్వర్ణఖండములు లభించినవి. అధికభాగము కలకత్తా ప్రదర్శనశాలకు చేరగా, కొంత ఆయన వంశమునకు దక్కినది. 2025 మే నెలలో ఆ భాగమును సోథెబీస్ సంస్థ హాంగ్‌కాంగున వేలమునకు పెట్టగా, ధాతువులకు అర్పించిన మణులు ధాతువులే యనియు, వానిని విక్రయింపరాదనియు బౌద్ధులును పండితులును అభ్యంతరము తెలిపిరి; భారత ప్రభుత్వము నోటీసు నిచ్చినది; వేలము వాయిదా పడినది. జూలైలో గోద్రెజ్ సంస్థ కొనుగోలుతో ఆ మణులు స్వదేశమునకు చేరినవి. వాని నడుమ లభించిన అస్థికలు మాత్రము నాడే సయాము రాజునకు కానుకయై, అటనుండి బర్మాకును సింహళమునకును పంచబడినవి.