గుత్త, మేస్త్రీ, లైసెన్సు: నిర్మాణరంగ పదాల చరిత్ర

ప్రభుత్వ నిర్మాణపు పనులు చేపట్టే వ్యక్తిని నేటి తెలుగు పత్రికలు ‘గుత్తేదారు’ అని వ్యవహరిస్తున్నాయి. జనవ్యవహారంలో అతడు కంట్రాక్టరే. కంట్రాక్టరుకు సమానార్థకంగా స్థిరపడిన ఈ పదానికి మొదట ఇటుకతో గాని సున్నంతో గాని సంబంధం లేదు. విజయనగర కాలంలో గుత్త రాబడికి సంబంధించిన మాట. పన్నునో సుంకాన్నో ఇంత మొత్తానికి ఒప్పుకొని, వసూలు చేసుకొనే హక్కు పొందడం గుత్త. నిజాం రాజ్యంలో దీనికి సాటిమాట ఇజారా. ‘గుత్తాధిపత్యం’ అనే నేటి సమాసంలోనూ ధ్వనించేది హక్కే తప్ప పనితనం కాదు.

పనితనాన్ని చెప్పే మాటలు వేరు. ఆలయ నిర్మాణంలో స్థపతి ఉన్నాడు. ఇళ్ల కట్టుబడిలో మేస్త్రీ ఉన్నాడు. ఇది గురువు, నిపుణుడు అనే అర్థంగల పోర్చుగీసు పదం నుంచి వచ్చింది. పూచీ పడేవాడికి ఒక మాట, పని ఎరిగినవాడికి మరొక మాట ఉండటం భాష పాటించిన వివేకమనే చెప్పాలి.

ఈ రెంటినీ ఒక్క కాగితంలో కలపడానికి ప్రభుత్వాలు ప్రయత్నించాయి. 2003 జులై 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నీటిపారుదల శాఖ జారీ చేసిన 94వ జీవో కంట్రాక్టర్లను స్పెషల్ తరగతిగా, 1 నుంచి 5 వరకు తరగతులుగా వర్గీకరించింది. ఇటువంటి నమోదులో ఆర్థిక స్తోమతకు సాల్వెన్సీ ధ్రువపత్రం, అనుభవానికి పూర్తిచేసిన పనుల వివరం ఆధారాలవుతాయి. తాపీ పట్టిన చేతికి పరీక్ష లేదు. వాహనం నడిపేవాడి లైసెన్సు అతని చేతినే పరీక్షించి ఇస్తారన్నది ఇక్కడ గుర్తుకు రాక మానదు.

అధికారికంగా ఇది ‘రిజిస్ట్రేషన్’. జనం మాత్రం దీన్ని లైసెన్సు అనే అంటారు. ‘ఫలానావారి లైసెన్సు మీద పని చేస్తున్నాడు’ అనే వాడుక మరింత గమనార్హం. ఈ ‘మీద’ అనే విభక్తి కాగితాన్ని మనిషి నుంచి వేరుచేసి, అరువిచ్చే ఆస్తిగా మార్చింది. గుత్త పాత స్వభావం ఇక్కడ తిరిగి తలెత్తింది.

దీని భారం పడేది రాయి కొట్టే వడ్డెరల మీద, మట్టి తవ్వే ఉప్పరుల మీద. కూలి బాకీ పడినా, గోడ కూలి మనిషి పోయినా వారికి తెలిసిన పేరు మేస్త్రీది. దస్త్రంలో ఉండే పేరు వారెన్నడూ చూడని గుత్తేదారుది.