గెరిల్లా అంటే మనిషి కాదు

స్పానిష్‌లో ‘గెర్రా’ అంటే యుద్ధం. దాని వెనక చిన్నదనం తెలిపే ప్రత్యయం చేరితే గెరిల్లా, అంటే చిన్న యుద్ధం. స్పెయిన్‌వాళ్లు దాన్ని ‘గెరీయా’ అని పలుకుతారు. అక్కడ ఆ మాట పోరుకో, పోరాడే గుంపుకో చెల్లుతుంది, మనిషైతే ‘గెరిల్లేరో’. 1808లో నెపోలియన్ సేనల మీద స్పెయిన్ తిరగబడింది. ఆ డిసెంబరులో ఇలాంటి జట్లకు నిబంధనలు రాసిన ప్రభుత్వం వాటిని ‘పార్తీదాలు’ అంది. 1809 నాటికే, అక్కడ ఫ్రెంచివాళ్లతో పోరాడుతున్న బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ ఇంగ్లిషు లేఖల్లో గెరిల్లా అంటే మనిషైపోయాడు. మనకు ఆ మాట ఇంగ్లిషు దారినే వచ్చింది కనుక, తెలుగులోనూ గెరిల్లా అనగానే అడవిలో తుపాకీతో మాటువేసినవాడే గుర్తుకొస్తాడు. యుద్ధం పేరు మనిషికి అంటుకున్నాక, ఆ యుద్ధం ఎవరి బలంతో నడిచిందన్న సంగతి మరుగున పడిందని నా వాదన.

స్పెయిన్‌లోనే చూడండి. నవార్ ప్రాంతంలో ఎస్పోజ్ ఇ మినా జట్టు ఫ్రాన్స్ సరిహద్దు దాటే సరుకు మీద సుంకం కూడా వసూలు చేసింది. ఒక్క ఫ్రెంచి ఉత్తరం క్షేమంగా చేరాలంటే వందల మంది రౌతులు వెంట వెళ్లాల్సి వచ్చేది. తిండి, కబురు, దాక్కునే చోటు ఊళ్లవాళ్లు ఇవ్వకపోతే ఇందులో ఏదీ సాగదు. అలాగని ఈ జట్లే నెపోలియన్‌ను ఓడించాయనడమూ అతిశయోక్తే. కోటలున్న పట్టణాలను పట్టే శక్తి వాటిలో చాలావాటికి లేదు. కొన్నయితే ఏ ఊరి పేరు చెప్పి లేచాయో ఆ ఊరినే దోచాయి. అసలు చిక్కు ఫ్రెంచి సేనానులది. దారులు, పల్లెలు కాయాలంటే సైన్యాన్ని చెదరగొట్టాలి. వెల్లింగ్టన్‌ను ఎదుర్కోవాలంటే దాన్నే ఒకచోట కూడగట్టాలి. 1812లో సలమాంకా దగ్గర వాళ్ల ఓటమి వెనక ఈ ఇరకాటం ఉంది. చిన్న యుద్ధం పక్కన పెద్ద యుద్ధం నడిచినప్పుడే దానికి అంత పదును వచ్చింది.

పేరు పుట్టకముందే శివాజీ ఈ పద్ధతిలో పోరాడలేదా అని అడగొచ్చు. పోరాడాడు. పద్ధతి పాతదే, స్పెయిన్ దాన్ని కనిపెట్టలేదు. మాట అర్థం మారడమూ తప్పు కాదు, భాషలకది మామూలే. చరిత్ర రాసేటప్పుడే ఇబ్బంది. 1922–24 నాటి మన్యం పోరాటాన్ని సర్కారు కాగితాలు ‘పితూరి’ అన్నాయి. ఇప్పుడు దాన్ని గెరిల్లా పోరు అంటూనే అల్లూరి సీతారామరాజు ఒక్కడినే చూస్తాం. హక్కులు పోయిన ముఠాదార్లు (కొండ ఊళ్ల పెత్తందార్లు), పోడుకు అడ్డొచ్చిన అటవీ చట్టం, రోడ్ల పని కింద చేయించిన వెట్టి వెనక్కిపోతాయి. తెలంగాణ సాయుధ పోరాటంలో వాడుకైన ‘దళం’ ఇంతకన్నా నయం, అది గుంపును గుంపుగానే చెబుతుంది. 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చాక ఆ దళాలు నల్లమలకూ గోదావరి అడవులకూ తగ్గాయి. తుపాకులు చేతిలోనే ఉన్నా పల్లెలతో సంబంధం పలచబడింది. 1951 అక్టోబరులో పోరాటాన్ని విరమించారు.