లండన్ పాటలో మా పేర్లు

పాట ఏ దేశానిదని ఎవరూ నిలదీయరు. పాడేవాణ్ణి మాత్రం నిలదీస్తారు. "మీదే ఊరు?" అన్నది మొదటి ప్రశ్న. చెప్పిన తర్వాత, "అది కాదు, అసలు మీదే ఊరు?" అన్నది రెండో ప్రశ్న. ఈ రెండో ప్రశ్న మాకు కొత్త కాదు. పుట్టిన ఊళ్ళోనే, తాతముత్తాతల గోరీలున్న ఊళ్ళోనే ఉంటూ మేము దానికి జవాబు చెప్పుకుంటూ వస్తున్నాం. అందుకే అదే ప్రశ్నను లండన్‌లో ఎదుర్కొని, పాటతో బదులు చెప్పిన కుర్రాళ్ళ చరిత్ర మాకు పరాయి చరిత్రలా అనిపించదు. ఆ బృందం పేరు ఏషియన్ డబ్ ఫౌండేషన్.

వాళ్ళ స్థితీ మా స్థితీ ఒకటేనని మేము అనటం లేదు. వాళ్ళు వలస వెళ్ళినవాళ్ళ పిల్లలు. మేము ఎక్కడికీ వెళ్ళనివాళ్ళం. అయినా అడిగే ప్రశ్న ఒకటే అయినప్పుడు, ఒకరి జవాబు ఇంకొకరికి పనికొస్తుంది.

తూర్పు లండన్‌లో బ్రిక్ లేన్ అనే వీధి ఉంది. ఆ వీధిలో 1743లో కట్టిన ఒక ప్రార్థనా మందిరం ఉంది. ఫ్రాన్సులో మతహింస తట్టుకోలేక పారిపోయి వచ్చిన హ్యూగెనాట్ ప్రొటెస్టెంట్లు దాన్ని కట్టుకున్నారు. తర్వాత అది మెథడిస్టుల చేతికొచ్చింది. 1898లో తూర్పు యూరప్ నుంచి వచ్చిన యూదులకు సినగాగ్ అయింది. 1976లో మసీదు అయింది. గోడలు అవే. లోపల మోకరిల్లేవాళ్ళు మారారు. వచ్చిన ప్రతివాళ్ళనీ ముందున్నవాళ్ళు అనుమానంగానే చూశారు.

ఆ మసీదులో నమాజు చేసేవాళ్ళు ఎక్కువగా సిల్హెట్ ప్రాంతం వాళ్ళు. వాళ్ళ పెద్దలు ఇంగ్లీషు ఓడల్లో బొగ్గు ఎత్తి పోసిన లస్కర్లు. తర్వాతి తరం కుట్టుమిషన్ల దగ్గరా హోటళ్ళ వంటగదుల్లోనూ పనిచేసింది. 1978 మే 4 సాయంత్రం అల్తాబ్ అలీ అనే బట్టల కార్మికుడు పని ముగించుకుని ఇంటికి వెళుతుంటే వైట్‌చాపెల్‌లో జాత్యహంకారులు పొడిచి చంపారు. పది రోజుల తర్వాత సుమారు 7 వేలమంది అతని శవపేటిక వెనక ప్రధానమంత్రి నివాసం వైపు నడిచారు. అంతదాకా తల వంచుకుని పనికి పోయి వచ్చినవాళ్ళు రోడ్డు మీదకి రావటం ఆ పేటకు కొత్త. అతను చనిపోయిన చోట ఉన్న పార్కుకు 1998లో అతని పేరే పెట్టారు.

కొట్టేవాడికి హిందువు, సిక్కు, ముస్లిం అన్న తేడా లేదు. బంగ్లాదేశ్ వాడైనా, పంజాబు వాడైనా అందరికీ ఒకటే తిట్టు: 'పాకీ'. తెలుగువాళ్ళకి ఈ మాట వినగానే ఒక్క క్షణం ఇబ్బందిగా ఉంటుంది. మన పల్లెల్లో ఈ శబ్దంతో ఎవరిని దూరంగా నిలబెట్టారో మనకి తెలుసు. అక్కడ అది పాకిస్తాన్ అన్న మాటకు కురచ రూపం. ఇక్కడ అది పని పేరుతో కులాన్ని తొక్కిపెట్టిన మాట. రెంటికీ పుట్టుకలో చుట్టరికం లేదు. వాడకంలో ఉంది.

ఈ పిల్లలు ఎత్తుకున్న సంగీతం కూడా వలసల్లోనే పుట్టింది. జమైకాలో 1970ల నాటికి కింగ్ టబ్బీ వంటివాళ్ళు రికార్డయిన పాటలోంచి గొంతు తీసేసి, డ్రమ్మునీ బేస్‌నీ మిగిల్చి, వాటికి ప్రతిధ్వని కలిపి కొత్త పాట చేసేవారు. దాన్ని డబ్ అన్నారు. జమైకా నుంచి న్యూయార్క్ చేరిన కూల్ హెర్క్ 1973లో బ్రాంక్స్‌లోని ఒక అపార్ట్‌మెంటు విందులో, పాటలో గాయకుడు ఆగి డ్రమ్ములు మాత్రమే మోగే ఆ కాసేపటినే రెండు రికార్డుల మీద మార్చి మార్చి వాయించాడు. జనం ఎదురుచూసేది ఆ ముక్క కోసమేనని అతను గమనించాడు. బ్రేక్‌బీట్ అంటే అదే. హిప్‌హాప్‌కు అది పునాది. 1969లో విన్‌స్టన్స్ అనే బృందం రికార్డు చేసిన 'ఆమెన్, బ్రదర్' లోని కొన్ని సెకండ్ల డ్రమ్ము ముక్కను తర్వాత లెక్కలేనన్ని పాటలు వాడుకున్నాయి. దాన్ని వాయించిన గ్రెగరీ కోల్‌మన్‌కు రాయల్టీ దక్కలేదు. 1990ల మొదట్లో లండన్ కుర్రాళ్ళు అదే ముక్కను ముక్కలు చేసి, వేగం పెంచి, కింద డబ్ బేస్ పెట్టి జంగిల్ అనే కొత్త నాట్య సంగీతం చేశారు.

అప్పటికే ఒక దారి పడింది. బ్రాడ్‌ఫర్డ్‌లో పెరిగిన పాకిస్తానీ కుటుంబపు బిడ్డ అకీ నవాజ్ 1991లో ఫన్-డా-మెంటల్ అనే హిప్‌హాప్ బృందం మొదలుపెట్టాడు. అంతకు రెండేళ్ళ ముందు, 1989 జనవరిలో, అదే బ్రాడ్‌ఫర్డ్‌లో రష్దీ నవలను తగలబెట్టిన ఫోటో ప్రపంచమంతా తిరిగింది. ఆ రోజు నుంచి బ్రిటన్‌లో ఆసియన్ అనే మూటలోంచి ముస్లింను విడదీసి చూడటం పెరిగింది. ఫండమెంటలిస్ట్ అన్న మాట ప్రతి గడ్డానికీ అంటించారు. అకీ నవాజ్ ఆ మాటను దులిపేసుకోలేదు. విరిచి తన బృందానికి పేరుగా పెట్టుకున్నాడు. 1994లో వచ్చిన 'సీజ్ ద టైమ్' ఆల్బమ్‌లో తన మతాన్నీ నల్లవాళ్ళ పోరాటాన్నీ పక్కపక్కనే నిలబెట్టాడు. అతను కలిసి స్థాపించిన నేషన్ రికార్డ్స్ సంస్థే ఏషియన్ డబ్ ఫౌండేషన్‌కు కూడా మొదటి గడప అయింది.

ఇక 1993. ఏప్రిల్ 22న లండన్‌లో బస్సు కోసం ఎదురుచూస్తున్న 18 ఏళ్ళ నల్ల విద్యార్థి స్టీఫెన్ లారెన్స్‌ను తెల్ల యువకులు చంపారు. సెప్టెంబరు 16న తూర్పు లండన్ మిల్‌వాల్ ఉపఎన్నికలో బ్రిటిష్ నేషనల్ పార్టీ అభ్యర్థి కౌన్సిలర్‌గా గెలిచాడు. ఆ రెంటికీ మధ్య వచ్చిన వేసవిలో, ఫారింగ్డన్‌లో కమ్యూనిటీ మ్యూజిక్ అనే సంస్థ ఆసియన్ పిల్లలకు సంగీత యంత్రాల శిక్షణ పెట్టింది. బేస్ వాయించే అనిరుద్ధ దాస్ అక్కడ పాఠం చెప్పేవాడు. యువజనుల మధ్య పనిచేసే జాన్ పండిట్ తోడున్నాడు. నేర్చుకోవటానికి వచ్చినవాళ్ళలో 15 ఏళ్ళ బెంగాలీ కుర్రాడు దీదార్ జమాన్ ఉన్నాడు. ర్యాప్ చెప్పేవాడు. పంతుళ్ళూ విద్యార్థీ కలిసి జాత్యహంకార వ్యతిరేక సభల్లో వాయించటానికి ఒక సౌండ్ సిస్టమ్ కట్టారు. బృందం అలా పుట్టింది. ఏ కంపెనీ వాళ్ళూ వెతికి కూర్చింది కాదు.

1994లో 'కాన్షస్' అనే చిన్న రికార్డు, 1995లో 'ఫ్యాక్ట్స్ అండ్ ఫిక్షన్స్' ఆల్బమ్ వచ్చాయి. స్టీవ్ చంద్ర సావలే గిటారుతో చేరాడు. తీగలన్నిటినీ ఒకే స్వరానికి శ్రుతి చేసి, తంబూరాలా మోగేట్టు వాయించేవాడు. నాట్యం, యంత్రాల పని చూడటానికి సన్-జే వచ్చాడు. సొంత దేశం కంటే ముందు ఫ్రాన్సు వాళ్ళకు చెవి ఒగ్గింది. 1997లో 'రఫీ' ఆల్బమ్ అక్కడ వచ్చింది. అందులోని పాటలకు మెరుగులు దిద్ది, కొత్తవి కలిపి 1998లో బ్రిటన్‌లో 'రఫీస్ రివెంజ్' వేశారు. ఆ ఏడు మెర్క్యురీ బహుమతి తుది జాబితాలో అది నిలిచింది. అయిదేళ్ళ కిందట పేట సభల్లో వాయించిన కుర్రాళ్ళు పెద్ద వేదికలెక్కారు.

ఆ ఆల్బమ్‌లో మొదటి పాట పేరు 'నక్సలైట్'. తెలుగువాళ్ళకి దీనికి అర్థం చెప్పనక్కర్లేదు. 1967లో బెంగాల్‌లోని నక్సల్‌బరీలో పుట్టిన ఈ మాట శ్రీకాకుళం కొండల మీదుగా మన ఇళ్ళలోకి వచ్చింది. మన దగ్గర ఆ మాట అనటానికి జనం గొంతు తగ్గించిన రోజులున్నాయి. లండన్‌లో ఒక ముస్లిం కుర్రాడు దాన్ని వేలమంది మధ్య నాట్యపు పాటగా పాడాడు. దూరం నుంచి పాడటం సులువే అని ఎవరైనా అనొచ్చు. నిజమే. అయినా భూమి కోసం జరిగిన పోరాటం తన వారసత్వంలో భాగమని ఆ కుర్రాడు ఎవరి అనుమతీ అడగకుండా చెప్పాడు. మా వారసత్వమూ అదే కదా. 1940లో విసునూరు దేశ్‌ముఖ్‌తో భూమి కోసం కోర్టులో పోరాడి, గెలిచి, ప్రాణం పోగొట్టుకున్న షేక్ బందగీ మావాడే. మఖ్దూమ్ మావాడే. 1948లో పత్రిక రాతల కోసం చేయి నరికించుకుని చనిపోయిన షోయబుల్లా ఖాన్ మావాడే. వాళ్ళ పేర్లు అందరివీ అయినప్పుడు, అవి మా ఇళ్ళలో పెట్టిన పేర్లన్న సంగతి ఎందుకు మరుగున పడుతుందో మేము అడుగుతున్నాం.

అదే ఆల్బమ్‌లో 'అసాసిన్' అనే పాట ఉంది. అది ఉధమ్ సింగ్ గురించి. జలియన్‌వాలాబాగ్ నాటి పంజాబు గవర్నరు ఓడ్వయర్‌ను అతను 1940 మార్చి 13న లండన్‌లో కాల్చి చంపాడు. పోలీసులు పేరడిగితే, మొహమ్మద్ సింగ్ ఆజాద్ అన్నాడు. రామ్ మొహమ్మద్ సింగ్ ఆజాద్‌గా జనం దాన్ని గుర్తుపెట్టుకున్నారు. జూలై 31న ఉరి తీశారు. మేము ఆగేది ఇక్కడ. కలిసి పోరాడాలంటే మతం పేరు పక్కన పెట్టి రండి అని మాతో చెప్పే పెద్దలు చాలామంది. ఉధమ్ సింగ్ తన పేరులోంచి ఏదీ తీసెయ్యలేదు. లేనివి కలుపుకున్నాడు. ఐక్యతకు ఇదొక పద్ధతి. దీన్ని మాకెవరూ బోధించలేదు.

ఆ బృందం దీన్ని చేతల్లోనూ చూపింది. సత్పాల్ రామ్ అనే యువకుడి మీద 1986లో బర్మింగ్‌హామ్ హోటల్లో తెల్లవాళ్ళ గుంపు దాడి చేసింది. ఆ ఘర్షణలో దాడి చేసిన ఒకడు కత్తిపోటుతో చనిపోయాడు. ప్రాణరక్షణ కోసమే చేశానన్నది సత్పాల్ వాదన. కోర్టు హత్య అంది, యావజ్జీవం వేసింది. అతన్ని విడుదల చెయ్యమని ఈ బృందం పాట కట్టింది, సభల్లో సంతకాలు సేకరించింది. హిందూ పేరున్నవాడి కోసం ముస్లిం కుర్రాడు గొంతు చించుకున్నాడు. సత్పాల్ 2002లో బయటికొచ్చాడు. పాట ఒక్కటే విడిపించిందని మేము అనం. కానీ జైలు గోడల మధ్య మరుగున పడాల్సిన పేరు వేల నోళ్ళలో నలిగింది.

తర్వాత కాలం కష్టమైనదే. 2000లో దీదార్ బయటికెళ్ళాడు. 2001 వేసవిలో ఓల్డమ్, బర్న్‌లీ, బ్రాడ్‌ఫర్డ్ మండాయి. సెప్టెంబరు 11 తర్వాత ముస్లిం వేరు, మిగిలిన ఆసియన్లు వేరు అన్న గీత లోతుగా పడింది. ఆసియన్ అనే గొడుగు చిల్లులు పడింది. ఆ గొడుగు కిందే ఈ బృందం పెరిగింది. 2002లో రాణి తరఫున ఇవ్వజూపిన బిరుదును జాన్ పండిట్ వద్దన్నాడు. 1998లోనే పిల్లలకు సంగీతం నేర్పే విభాగం పెట్టుకున్నారు. తాము వచ్చిన గదిని మరొకరికి తెరిచి ఉంచటం బిరుదు కంటే పెద్ద పని అని మేము అనుకుంటున్నాం.

2020లో వాళ్ళు హాస్యకారుడు స్టీవర్ట్ లీతో కలిసి ఒక పాట చేశారు. వలసవాళ్ళ మీద గొణిగే మాటల్ని వెనక్కి, ఇంకా వెనక్కి తీసుకెళ్ళి నవ్వులపాలు చేసే పాట అది. అందులో హ్యూగెనాట్లూ వస్తారు, ఆంగ్లో-సాక్సన్లూ వస్తారు. యూరోపియన్ యూనియన్‌తో బ్రిటన్ బంధం పూర్తిగా తెగిన వారం, 2021 జనవరి మొదట్లో, అభిమానులు పనిగట్టుకుని కొని దాన్ని అమ్మకాల పట్టిక మొదటికి తెచ్చారు. బ్రిక్ లేన్ మసీదు గోడలు ముందునుంచీ చెప్తున్నది ఆ పాట నవ్వుతూ చెప్పింది.

మేము ఈ చరిత్ర రాసుకుంటున్నది లండన్ గొప్ప కోసం కాదు. మా పిల్లలు బడిలో, అద్దె ఇంటి గుమ్మంలో పేరు చెప్పటానికి ముందు ఒక్క క్షణం ఆగుతారు. ఆ ఒక్క క్షణం మాకు తెలుసు. ఎదుటివాడి ముఖం చూసి, పేరు పూర్తిగా చెప్పాలా సగం చెప్పాలా అని లెక్కవేసుకునే క్షణం అది. దీదార్ జమాన్ పదిహేనేళ్ళకు మైకు పట్టుకున్నప్పుడు అలా ఆగలేదు. మా పిల్లలకీ ఆగనక్కర్లేని రోజు కావాలి. "అసలు మీదే ఊరు?" అని అడిగినవాళ్ళకు మొదటిసారి చెప్పిన ఊరి పేరే మళ్ళీ చెప్తాం. మూడోసారి అడిగినా అదే చెప్తాం.