లండన్‌కు వెళ్ళిన లారీ, బెంగళూరుకు రాని లారీ

ఫార్గో అమెరికా బండి అని మన పెద్దవాళ్ళు అంటారు. పేరు అమెరికాదే. కానీ ఆ కంపెనీ లారీలు ముప్పై ఏళ్ళకు పైగా లండన్ శివారులో తయారయ్యాయి. మన పక్కన బెంగళూరులోనూ ఆ కంపెనీ బండ్లు తయారు కావలసింది, కాలేదు. బళ్ళారిలో లారీతో లంకె లేని మన ఇల్లు తక్కువ కాబట్టి రాస్తున్నాను. కాస్త పొడుగే, ఓపిక పట్టండి.

డెట్రాయిట్‌లో జాన్, హోరేస్ అనే డాడ్జ్ అన్నదమ్ములు పెట్టిన కంపెనీ ఇది. ఇద్దరూ 1920లోనే పోయారు. 1928లో క్రైస్లర్ దాన్ని కొనేసింది. ఫార్గో, డిసోటో కూడా క్రైస్లర్ పేర్లే. ఒకే బియ్యాన్ని మూడు రకాల సంచుల్లో అమ్మినట్టు, చాలాసార్లు లారీ ఒకటే, ముందు రేకు మీద పేరు వేరు.

బ్రిటన్‌కు మొదట భాగాలు ఓడల్లో వచ్చేవి, అక్కడ బిగించి అమ్మేవారు. 1915లో అక్కడి ప్రభుత్వం విదేశీ కార్ల మీద విలువలో మూడో వంతు సుంకం వేసింది. సరుకు బండ్లను అప్పుడు వదిలేసి, 1926లో వాటినీ అందులోకి లాగింది. దాంతో లెక్క మారింది. 1930ల మొదట్లో లండన్ పక్కన క్యూ అనే చోట డాడ్జ్ లారీని అక్కడే తయారు చేయడం మొదలైంది. జనరల్ మోటార్స్ కూడా అదే దారి పట్టింది. దాని షెవర్లే లారీయే ల్యూటన్‌లో రూపం మార్చుకొని 1931లో బెడ్‌ఫర్డ్ అయింది. పైగా 1932 ఒట్టావా ఒప్పందాల తర్వాత, బ్రిటన్‌లో చేసిన సరుకుకు సామ్రాజ్యం అంతటా సుంకంలో రాయితీ. అమెరికా కంపెనీకి ఇంతకన్నా ఏం కావాలి?

యుద్ధకాలంలో క్యూ ఫ్యాక్టరీలో హాలిఫాక్స్ బాంబర్ విమానాల వెనుక భాగం చేశారు. యుద్ధం తర్వాత వచ్చిన డాడ్జ్ లారీ ముందు భాగాన్ని చూసి ఇంగ్లీషువాళ్ళు చిలకముక్కు అన్నారు. ఆ క్యాబిన్ బ్రిగ్స్ అనే కంపెనీది. ఫోర్డ్ థేమ్స్‌కూ, లేలాండ్ కామెట్‌కూ అదే క్యాబిన్. ఆ కామెట్ పేరే తర్వాత మద్రాసు దగ్గర ఎన్నూరు నుంచి మన రోడ్లమీదికి వచ్చింది.

ఇక బెంగళూరు సంగతి. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు 1930ల మధ్యలో యూరప్, అమెరికా తిరిగి మోటారు ఫ్యాక్టరీలు చూసి వచ్చారు. మనదేశంలో కూడా ఒకటి పెట్టాలని పథకం వేశారు. (మోక్షగుండం మన గిద్దలూరు వైపు ఊరే. కన్నడిగులకూ మనకూ ఆయన విషయంలో తగవు లేదు, ఇద్దరికీ ఆయన మనవాడే.) డబ్బు, వ్యాపార దక్షత వాల్‌చంద్ హీరాచంద్‌ది. ఫోర్డ్‌తో కుదరలేదు, క్రైస్లర్ ఒప్పుకుంది. మైసూరు సంస్థానం అండగా నిలవడానికి సిద్ధపడింది. ఢిల్లీలోని బ్రిటిష్ ప్రభుత్వం మైసూరును ముందుకు పోనివ్వలేదు. యుద్ధం జరుగుతోంది, ఇప్పుడు ఇది అవసరం లేదు అన్నది వాళ్ళ వాదన.

ఈ వాదన నాకు మింగుడుపడదు. యుద్ధానికి లారీలు అక్కర్లేదా? అదే యుద్ధంలో కెనడా 8 లక్షలకు పైగా సైనిక వాహనాలు చేసింది. అవి మన దేశానికీ వచ్చాయి. అదే క్రైస్లర్ లండన్‌లో ఫ్యాక్టరీ నడుపుకుంటుంటే తప్పు లేదు, బెంగళూరులో పెడతానంటే తప్పు. 1940 డిసెంబరులో వాల్‌చంద్ బెంగళూరులో విమానాల కంపెనీ పెట్టగలిగారు, నేటి హెచ్‌ఏఎల్ అదే. మోటారు ఫ్యాక్టరీ మాత్రం 1944లో బొంబాయి కుర్లాలో ప్రీమియర్ పేరుతో మొదలైంది. బండ్లు బయటికి వచ్చేసరికి స్వాతంత్ర్యం వచ్చేసింది. డాడ్జ్, ఫార్గో పేర్లు మన ఊళ్ళల్లో నిలబడింది ఆ కుర్లా బండ్లతోనే.

స్వతంత్ర భారతం చేసిందీ 1926లో బ్రిటన్ చేసిందే. ఇక్కడే తయారు చేస్తే ఉండండి, ఊరికే బిగించి అమ్ముతామంటే పొండి అంది. ఫోర్డ్, జనరల్ మోటార్స్ 1950ల మధ్యకల్లా వెళ్ళిపోయాయి. దానివల్ల లారీ ధర పెరిగింది, బండికోసం ఏళ్ళ తరబడి ఎదురుచూపులు పడ్డాయి, అదీ నిజమే. మన తాతల తరం ఆ కష్టం మోసింది. అయినా మెకానిక్కులు, పనిముట్లు చేసేవాళ్ళు, స్పేర్ పార్టుల వర్తకులు పుట్టుకొచ్చింది ఆ కాలంలోనే.

క్యూ ఫ్యాక్టరీ 1967లో మూతపడింది, పని డన్‌స్టబుల్‌కు పోయింది. 1978లో క్రైస్లర్ తన యూరప్ వ్యాపారాన్ని పెజోకు అమ్మేసింది, ఆ తర్వాత లారీల విభాగం రెనో చేతికి వెళ్ళింది. క్యూలో ఆ స్థలంలో ఇప్పుడు దుకాణాల సముదాయం ఉంది.

మన దగ్గర సండూరు, హొసపేట గనుల ఖనిజం మోసే రోజులు వచ్చేసరికి బండ్లన్నీ టాటా, లేలాండ్‌లే. 2011 జూలైలో సుప్రీంకోర్టు బళ్ళారి గనులు ఆపేయమన్నాక ఆ లారీలు కంతులు కట్టలేక ఇళ్ళముందు నిలబడిపోయిన సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు.

మీ ఇళ్ళల్లో 1950లు, 60ల నాటి లారీ ఆర్‌సీ పుస్తకాలుంటే, తయారీదారు పేరు చోట ఏముందో చూసి కింద రాయండి. కుర్లా బండ్లెన్ని, మిలిటరీ డిస్పోజల్‌లో కొన్నవెన్ని ఉండేవో మన సంఘం వరకైనా లెక్క తేలుతుంది.